అలిపిరి మొక్కు ఆదివారం, జ్ఞానదంతం తీసేది బుధవారం: ఏం చేయను?

మెట్లదారి (తిరుపతి) | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. వయసు 34, ఉండేది బైరాగిపట్టెడలో. కుడివైపు కింది దవడలో చిట్టచివరి పన్ను ఈ ఏడాదిలో మూడోసారి నన్ను మంచమెక్కించింది. చెవి దాకా పోటు. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. ముద్ద పెట్టుకోవడం మానేసి నాలుగు రోజులుగా రాగిజావ తాగుతున్నాను.

నిన్న డాక్టరు దవడ మొత్తానికి ఒకే ఎక్స్‌రే తీయించారు. ఓపీజీ అంటారట. పన్ను నిలబడి లేదు, పక్కకు పడుకుని ముందున్న పన్నును తోస్తోంది. ఐదు రోజులకు మందులు రాసి, వాపు తగ్గాక బుధవారం తీసేద్దామన్నారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ వచ్చే ఆదివారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని అమ్మ నా పేరున మొక్కింది. చిత్తూరు నుంచి అక్కా బావా కూడా వస్తున్నారు. పన్ను తీసిన నాలుగో రోజున మెట్లెక్కవచ్చా? మందులతో వాపు తగ్గితే, తీయించకుండా నెట్టుకురావచ్చా? పన్ను తీస్తే కంటి చూపు పోతుందని అమ్మ ఇల్లంతా తిరుగుతూ చెబుతోంది. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది.

రాగిసంగటి (పీలేరు) | శనివారం, రాత్రి 9:48

తీయించెయ్యి తమ్ముడూ. మూడుసార్లు వాచిన చిగురు నాలుగోసారి వాయకుండా ఊరుకోదు. నా కథ చాలా ఉంది, రేపు తీరిగ్గా రాస్తాను.

ఎదురుమాట (చంద్రగిరి) | శనివారం, రాత్రి 10:15

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు నిండు నోటితో తిరిగిరావడం నేను చూడలేదు. మా తాత పన్ను కదిలితే నూలుదారం కట్టి తలుపుకు తగిలించేవాడు, అంతే. లవంగ నూనె, ఉప్పునీళ్ళు ఉండగా ఎందుకీ కోతలు? విరిగిన ఎముకకు మన పక్కనే పుత్తూరు కట్టు ఉన్నప్పుడు పంటికి మాత్రం నాటు మందు లేకపోతుందా?

ముప్పైరెండు (చిత్తూరు) | ఆదివారం, ఉదయం 6:35

చిత్తూరులో ఇరవై ఏళ్ళుగా దంతవైద్యం చేస్తున్నాను. మెట్లదారి గారి నోరు నేను చూడలేదు కనుక చివరి మాట వారి డాక్టరుదే. అయినా కొన్ని సంగతులు చెప్పగలను.

ఎదురుమాట గారూ, మీ తాతగారు దారం కట్టింది కదులుతున్న పంటికి. ఇక్కడ పన్ను ఎముకలో అడ్డంగా పడుకుని ఉంది. దానికి దారం కట్టాలంటే ముందు ఎముక తవ్వాలి. అయితే లవంగ నూనె విషయంలో మీ మాటను కొట్టివేయను. అందులోని యూజినాల్ నొప్పిని కాసేపు అణచివేస్తుంది, మేమూ కొన్ని మందుల్లో వాడతాం. కానీ దూది నిండా ముంచి చిగురు మీద పెట్టుకుంటే చర్మం కాలినట్టు తెల్లగా పొక్కిపోతుంది. నొప్పి మాత్రను పొడిచేసి పన్ను పక్కన కూరుకుని వచ్చేవాళ్ళ చిగుళ్ళూ ఇలాగే ఉంటాయి. మాత్ర మింగాల్సిందే, పూయాల్సింది కాదు.

ఈ పన్ను పదిహేడు నుంచి ఇరవై అయిదేళ్ళ మధ్య వస్తుంది. అప్పటికి దవడలో చోటు అయిపోయి ఉంటుంది. సగం బయటికి వచ్చి ఆగిపోయిన పన్ను మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటే, ఆ మూత కింద మెతుకు ఇరుక్కుంటుంది. బ్రష్షు అక్కడికి చేరదు. చీము, వాపు, నోరు పట్టేయడం అన్నీ అక్కడి నుంచే. మందులు చీమును తగ్గిస్తాయి తప్ప పన్నును నిలబెట్టలేవు కదా. ముందున్న మంచి పన్ను కూడా పుచ్చితే రెండు పోతాయి.

వాపు తగ్గేదాకా ఆగమనడానికీ కారణం ఉంది. చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరిగి మత్తుమందు సరిగా పనిచేయదు. సూది వేసినా నొప్పి తెలిసిందని కొందరు చెప్పే కథల్లో ఇదొకటి.

కంటి సంగతి. పళ్ళకు స్పర్శనిచ్చేది అయిదో కపాల నాడి. చూపునిచ్చేది రెండోది. పన్ను తీస్తే చూపు తగ్గదు. వెనకటికి పళ్ళు ఊడే వయసూ, చత్వారం, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో జనం ఆ రెంటికీ ముడిపెట్టి ఉంటారని నా అనుమానం.

మెట్ల గురించి సాయంత్రం రాస్తాను. రోగులు వచ్చేశారు.

పాతలెక్కలు (తిరుపతి) | ఆదివారం, ఉదయం 8:10

లెక్కల శాఖలో చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వయసు 68, గుండెలో స్టెంటు, రోజూ యాస్పిరిన్. రెండేళ్ళ కిందట దవడ పన్ను తీయించుకోవాల్సి వస్తే, రక్తం ఆగదేమోనని నా అంతట నేనే మూడు రోజులు యాస్పిరిన్ మానేసి వెళ్ళాను. తెలివైన పని చేశానని గర్వంగా చెప్పాను కూడా. ఆ డాక్టరమ్మ కుర్చీలోంచి లేపి నన్ను నేరుగా గుండె డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను. సారాంశం ఇది: పంటి దగ్గర రక్తం కారితే అదిమిపట్టి, కుట్టేసి ఆపవచ్చు, స్టెంటులో గడ్డ కడితే ఆపడం మన చేతిలో లేదు. ఒక పన్నుకు మామూలుగా ఆ మాత్ర మానాల్సిన అవసరమే లేదట. మళ్ళీ మొదలుపెట్టించి, మాత్ర వేసుకుంటూనే తీశారు. గంటలో రక్తం ఆగింది.

మత్తుసూది లేని కాలాన్ని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు 1844లో నవ్వు పుట్టించే వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. రెండేళ్ళకు, 1846 అక్టోబరు 16న, మోర్టన్ అనే మరో పళ్ళ డాక్టరు బోస్టన్‌లో అందరి ముందూ ఈథర్ ఇచ్చి చూపించాడు. ఇవాళ పెద్ద ఆపరేషన్లలో మనం హాయిగా నిద్రపోతున్నామంటే అందులో పళ్ళ డాక్టర్ల పుణ్యం ఉందన్నమాట. ఎదురుమాట గారు కాస్త ఆలోచించాలి.

తలకోన (భాకరాపేట) | ఆదివారం, ఉదయం 11:05

మధ్యలో నా ప్రశ్న పెడుతున్నందుకు క్షమించాలి. అమ్మకు చక్కెర వ్యాధి ఉంది. ఎముకల బలానికి వారానికోసారి ఏదో మాత్ర వేసుకుంటుంది. కింద రెండు పళ్ళు తీయాలన్నారు. పరగడుపున తీసుకెళ్ళాలా?

రాగిసంగటి | ఆదివారం, మధ్యాహ్నం 2:30

చెప్పినట్టే నా కథ. మూడేళ్ళ కిందట కింది దవడ పన్ను తీయించుకున్నాను. తీయడం హాయిగా జరిగింది, సూది గుచ్చిన చురుకు తప్ప ఏమీ తెలియలేదు. కాగితం మీద జాగ్రత్తలన్నీ రాసిచ్చారు. ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, స్ట్రాతో పీల్చవద్దు, పొగ తాగవద్దు. నేను చదివి జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం నోట్లో ఉప్పగా రక్తపు రుచి తగులుతుంటే పదిసార్లు ఉమ్మాను. రాత్రి భోజనం అయ్యాక మామూలుగానే ఒక సిగరెట్టు.

రెండో రోజు బాగానే ఉంది. మూడో రోజు రాత్రి మొదలైంది. పన్ను ఉన్నప్పుడు కూడా అంత నొప్పి లేదు. దవడ నుంచి చెవికి, చెవి నుంచి కణతకు ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉంది. మాత్రలకు లొంగలేదు. అద్దంలో చూస్తే పన్ను ఉన్న చోట ఖాళీ గుంత, అడుగున తెల్లగా ఎముక. భరించలేని వాసన. తెల్లవారేదాకా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను.

డాక్టరు చూసి 'గుంత ఎండిపోయింది' అన్నారు. పన్ను తీసిన చోట రక్తం గడ్డకట్టి ఎముకకు కప్పులా నిలవాలి. నేను ఉమ్మి, పీల్చి ఆ గడ్డను ఊడగొట్టుకున్నాను. గుంత కడిగి, లవంగ నూనె వాసన వేసే మందు పూసిన గుడ్డపీలిక లోపల పెట్టారు. అరగంటలో మనిషినయ్యాను. ఎదురుమాట అన్నా, మీ లవంగం అక్కడ పనికొచ్చింది!

తిరుమల కొండ మీద పొగతాగడం నిషేధం. ఆ వారం రోజులూ నేను కొండ మీదే గది తీసుకుని ఉండాల్సింది.

ఎదురుమాట | ఆదివారం, మధ్యాహ్నం 2:41

చూశారా, లవంగం!

నిత్యపాఠకురాలు (చిత్తూరు) | ఆదివారం, సాయంత్రం 4:00

చిన్న పిడకల వేట. జనం అందరూ పన్ను 'పీకించుకున్నాను' అంటారు, డాక్టర్లు మాత్రం 'తీశాం' అంటారు. పీకేది కలుపు మొక్కనూ, గోడ మేకునూ. ఆ మాట వినే సగం మంది భయపడుతున్నారని నాకు అనిపిస్తుంది. ముప్పైరెండు గారు ఏమంటారు?

ముప్పైరెండు | ఆదివారం, రాత్రి 8:50

నిత్యపాఠకురాలు గారూ, మీ అనుమానం సరైనదే. మేము చేసేది పీకడం కాదు. పన్ను చుట్టూ ఎముకకు కొంచెం సాగే గుణం ఉంటుంది. పరికరంతో పన్నును ఇటూ అటూ నెమ్మదిగా నొక్కుతూ ఆ గుంతను వెడల్పు చేస్తాం. వదులయ్యాక పన్ను దానంతట అదే వచ్చేస్తుంది. లాగడం చివర్లో, అదీ కొద్దిగానే. అందుకే లోపలికి నొక్కుతున్నట్టు బరువు తెలుస్తుంది. మత్తుమందు నొప్పిని ఆపుతుంది కానీ ఒత్తిడినీ చప్పుడునూ ఆపదు. చాలామంది ఆ ఒత్తిడినే నొప్పి అనుకుని బిగుసుకుపోతారు.

తలకోన గారూ, పరగడుపున వద్దు. ఇది చిగురుకు మాత్రమే ఇచ్చే మత్తు. అమ్మగారికి టిఫిను పెట్టి, రోజూ వేసుకునే చక్కెర మందు ఇచ్చి, పొద్దున పూటే తీసుకువెళ్ళండి. ఇక ఆ వారం మాత్ర సంగతి సూది వేయకముందే, మందు అట్ట చూపించి మరీ డాక్టరుకు చెప్పాలి. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే కొన్ని మందులు వాడేవారిలో, అరుదుగానే అయినా, పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా మొండికేస్తుంది. మీ అంతట మీరు మాత్ర మాన్పించవద్దు. పాతలెక్కలు గారి అనుభవం చూశారు కదా.

మెట్లదారి గారూ, ఇప్పుడు మెట్లు. అలిపిరి దారి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, తరువాత కాస్త ఊపిరి తీసుకుంటే మోకాళ్ళ పర్వతం ఉండనే ఉంది. ఎముక తొలిచి తీసిన పన్ను అయితే వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి ఆ తరువాతే దిగడం మొదలవుతుంది. గుంత ఎండిపోయే ప్రమాదం కూడా ఆ నాలుగైదు రోజుల్లోనే. శ్రమ చేస్తే రక్తపోటు పెరిగి మళ్ళీ రక్తం కారవచ్చు. నా రోగి అయితే ఒప్పుకోను. బస్సులో కొండకు వెళ్ళడానికి అభ్యంతరం లేదు. తలనీలాలకూ పంటికీ పేచీ లేదు.

మరొక మాట. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ పన్ను వేర్లకు దగ్గరగా పోతుంది. మీ ఎక్స్‌రేలో ఎంత దూరంలో ఉందో చూపించమని అడగండి. మరీ ఆనుకుని ఉంటే స్కాన్ తీయిస్తారు. తీసిన తరువాత కొందరికి పెదవి కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుంది, చాలావరకు తిరిగి వస్తుంది. అడిగితే విసుక్కునే డాక్టరైతే మరొకరిని చూసుకోండి.

చింతచిగురు (తిరుచానూరు) | సోమవారం, ఉదయం 7:15

పిల్లలున్నవాళ్ళ కోసం ఒక్క మాట. మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు కింది దవడ పన్ను పుచ్చితే 'పాలపన్నే కదా, ఊడి మళ్ళీ వస్తుందిలే' అని వదిలేశాను. అది పాలపన్ను కాదు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చే శాశ్వత దంతం. నేను గమనించేసరికి తీయడం తప్ప దారి లేదన్నారు. ఇప్పుడు వాడికి పదకొండు. వెనుక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోతోంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి తీగలు కట్టించాలట. పాలపళ్ళు ఇరవయ్యే అని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, నోట్లో లెక్కపెట్టుకునేదాన్ని.

ఎదురుమాట | సోమవారం, ఉదయం 9:30

తక్కువ ఖర్చుతో ఎక్కడ తీస్తారో అది చెప్పండి. మిగతావన్నీ ఉపన్యాసాలు.

పాతలెక్కలు | సోమవారం, ఉదయం 9:52

పళ్ళు రాలగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. అది రాలగొట్టుకోవడానికి చెప్పింది, తీయించుకోవడానికి కాదు. తక్కువ ఖర్చే ముఖ్యమైతే దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. విద్యార్థులు చేసినా పక్కన గురువులు ఉంటారు, ఓపిక మాత్రం మనమే తీసుకువెళ్ళాలి. చిత్తూరు వాళ్ళైతే తలనొప్పికి కూడా వేలూరు బస్సెక్కుతారు, వాళ్ళకు మనం చెప్పక్కరలేదు.

మెట్లదారి | సోమవారం, రాత్రి 9:00

ముప్పైరెండు గారు రాసింది అమ్మకు చదివి వినిపించాను. కళ్ళ సంగతికి 'అట్లనా' అని ఊరుకుంది. మొక్కు సంగతికి మాత్రం ముఖం ముడుచుకుంది. వాయిదా వేస్తే దేవుడు ఏమనుకుంటాడో అని.

పాతలెక్కలు | సోమవారం, రాత్రి 9:14

ఆయన వడ్డికాసులవాడు. కుబేరుడి బాకీకే వడ్డీ కడుతున్నాడు, వాయిదా అంటే ఏమిటో ఆయనకంటే బాగా తెలిసినవారు ఎవరు? లెక్క నేను చెబుతాను. అసలు కింద అలిపిరి 3,550 మెట్లు. ఆలస్యానికి వడ్డీ శ్రీవారి మెట్టు, అదొక 2,388. అమ్మగారికి ఈ లెక్క చూపించండి.

మెట్లదారి | సోమవారం, రాత్రి 9:40

అమ్మ నవ్వింది. వడ్డీతో సహా ఒప్పుకుంది. ఎక్కేది నేను కదా, ఆమెదేం పోయింది!

మెట్లదారి | బుధవారం, రాత్రి 11:35

తీసేశారు. వివరాలు తరువాత. రక్తం ఆగడం లేదు, దిండు మీద మరకలు. డాక్టరు ఫోను తీయడం లేదు. ఎవరైనా మెలకువగా ఉన్నారా?

రాగిసంగటి | బుధవారం, రాత్రి 11:38

ఉన్నాను. ముందు ఉమ్మడం ఆపు. పడుకోకు, లేచి కూర్చో.

ముప్పైరెండు | బుధవారం, రాత్రి 11:44

కంగారు పడవద్దు. కొద్ది రక్తం ఉమ్మిలో కలిస్తే చెంబుడు కనిపిస్తుంది. శుభ్రమైన గాజుగుడ్డ ఉంటే తడిపి, గట్టిగా మడిచి, సరిగ్గా ఆ గుంత మీదే పెట్టి గడియారం చూసుకుని అరగంట కొరికి పట్టుకోండి. మధ్యలో తీసి చూడవద్దు. చూసిన ప్రతిసారీ కొత్తగా కట్టిన గడ్డ ఊడుతుంది. అరగంట తరువాత కూడా నోరు నిండిపోతుంటే ఆలోచించకుండా రుయా అత్యవసర విభాగానికి వెళ్ళండి. నేను మేలుకునే ఉంటాను.

మెట్లదారి | గురువారం, రాత్రి 12:25

ఆగింది. గులాబీ రంగు నీరు మాత్రమే వస్తోంది. మీరు చెప్పేదాకా అయిదు నిమిషాలకోసారి తీసి అద్దంలో చూసుకుంటూ కూర్చున్నాను. చాలా థ్యాంక్స్ మేడమ్.

మెట్లదారి | శనివారం, సాయంత్రం 6:10

ఇప్పుడు వివరాలు. పొద్దున డాక్టరు ఫోను చేసి, ఆ రాత్రి పలకనందుకు నొచ్చుకున్నారు.

సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినంత. పది నిమిషాలకు కుడివైపు పెదవి, సగం నాలుక నావి కావన్నట్టు అయ్యాయి. చిగురు కోసి, ఎముక కొంచెం తొలిచి, పన్నును రెండు ముక్కలు చేసి విడివిడిగా తీశారు. మొత్తం నలభై నిమిషాలు. నొప్పి లేదు, ఒట్టు. కానీ చప్పుడు ఉంది చూశారూ! తల లోపల చెరకు గానుగ ఆడుతున్నట్టు ఉంది. ఒత్తిడి గురించి మేడమ్ ముందే చెప్పి ఉండకపోతే కుర్చీ దిగి పారిపోయేవాణ్ణి. మూడు కుట్లు. ఎక్స్‌రేలో నరం చూపించమని అడిగాను, ఆయన సంతోషంగా చూపించారు. రెండింటి మధ్యా చోటు ఉందట.

మొదటి రోజు బయటి నుంచి ఐసు పెట్టుకున్నాను. ఇరవై నాలుగు గంటలు దాటాక ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేస్తున్నాను, పుక్కిలించడం లేదు. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. నిన్న బుగ్గ బెంగుళూరా మామిడికాయలా ఉండింది, ఇవాళ కొంచెం తగ్గింది. పెదవికి తిమ్మిరి లేదు.

రేపు అమ్మా అక్కా వాళ్ళు నడిచి, నేను బస్సులో.

తలకోన | ఆదివారం, రాత్రి 7:30

అమ్మ మాత్ర అట్ట డాక్టరుకు చూపించాను. ఎన్నేళ్ళుగా వాడుతోందని అడిగి, రక్తపరీక్ష రాసి, ఎముకల డాక్టరుతో మాట్లాడాకే తేదీ ఇస్తామన్నారు. చూపించకుండా వెళ్ళి ఉంటే రేపే తీసేసేవాళ్ళు.

మెట్లదారి | బుధవారం, రాత్రి 8:15

కుట్లు విప్పారు. నోరు మూడు వేళ్ళు తెరుచుకుంటోంది. కొండ నుంచి తెచ్చిన లడ్డూలో పటికబెల్లం, జీడిపప్పు ఏరి అక్క కూతురికి ఇచ్చి మిగిలింది పొడిచేసుకుని తిన్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం అలిపిరి. వడ్డీ ఆ పై నెల.

ఒక పేచీ మిగిలింది. తీసిన పన్ను కాగితంలో చుట్టి ఇచ్చారు. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసరాలని అమ్మ పట్టు. అది పాలపళ్ళకు, 34 ఏళ్ళవాడి దవడ పన్నుకు కాదన్నా వినదు. మేముండేది అపార్టుమెంటులో, పైన నీళ్ళ ట్యాంకులు.

ఎదురుమాట | బుధవారం, రాత్రి 8:31

మా చంద్రగిరి ఇంటికి పెంకుల కప్పు ఉంది. పేడకూ కొరత లేదు. తీసుకురండి.

చింతచిగురు | గురువారం, ఉదయం 6:50

వెళ్ళారా? రెండు ముక్కలన్నారు కదా, రెండూ విసిరారా?

మెట్లదారి | గురువారం, రాత్రి 9:05

వెళ్ళాము. ఎదురుమాట గారి ఇంట్లో కాఫీ కూడా అయింది. ఆయనకూ వెనుక పన్ను ఒకటి ఏడాదిగా సలుపుతోందట, లవంగం పెట్టుకుంటున్నారు. మా డాక్టరు నంబరు రాసుకున్నారు.

విసిరింది ఒక ముక్కే. ఎక్స్‌రేలో ఎడమవైపు పన్ను కూడా పడుకునే ఉందని నేను నోరు జారాను. రెండో ముక్కను దానికి తోడుగా అమ్మ అగ్గిపెట్టెలో దాచింది.